పిల్లల చేతికి ఏమివ్వాలి? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కిండర్‌గార్టెన్ తరగతిలో చేసి నేర్చుకునే కృత్యాల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం సందేహాలను కలిపి, ఏడింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. ఏ కృత్యాన్ని చూసినా నేను మొదట వెతికేది ఒకటే: ఈ పనిలో పిల్లవాడు తనంతట తాను తేల్చుకోవలసింది ఏమైనా ఉందా? చేతులు కదులుతున్నంత మాత్రాన నేర్చుకోవడం జరుగుతోందని అనుకోలేం.

ప్రశ్న: నేను ఐదేళ్ల పిల్లల తరగతికి కొత్తగా వచ్చిన ఉపాధ్యాయురాలిని. పాతిక మందికి పైగా పిల్లలున్నారు. నీళ్లు, ఇసుక, దిమ్మలు, పూసలు, రంగులు అని గదిలో ఐదు మూలలు ఏర్పాటు చేశాను. మొదటి రోజే నీళ్లు ఇసుకలోకి, పూసలు నీళ్లలోకి వెళ్లాయి, ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు. మర్నాడు బల్లల ముందు కూర్చోబెట్టి వర్క్‌షీట్లు ఇస్తే గది ప్రశాంతంగా ఉంది. ఇంతమందితో ఇవన్నీ సాధ్యమేనా మేడమ్?

సమాధానం: సాధ్యమే. పరిచయం లేని ఐదు రకాల సామగ్రిని ఒకే ఉదయం పిల్లల ముందు పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మొదటి వారం ఒక్క మూలనే తెరవండి. మిగిలిన పిల్లలకు వాళ్లు అప్పటికే ఎరిగిన పని, అంటే బొమ్మల పుస్తకాలు తిరగేయడమో క్రేయాన్లతో గీయడమో అప్పగించి, కొత్త సామగ్రిని నలుగురైదుగురిని దగ్గర కూర్చోబెట్టుకుని చూపించండి. చూపించేటప్పుడు చేతుల వేగాన్నీ మాటలనూ రెండింటినీ తగ్గించాలి. మీరు చెప్పేది వింటూనే మీ వేళ్ల కదలికను గమనించడం ఈ వయసు పిల్లలకు కష్టం.

నీళ్లు ఒంపే పనినే తీసుకుందాం. దానికి అంచు ఉన్న ఒక ట్రే, పిల్లల పిడికిట్లో ఇమిడే పిడి ఉన్న రెండు చిన్న జగ్గులు, ఒక స్పాంజి చాలు. లోపలిది కనిపించే జగ్గుకు బయట రంగు టేపుతో ఒక గీత అంటించి, నీళ్లు ఆ గీత దాకా మాత్రమే రావాలని చూపించండి. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి వేళ్లను జగ్గు మూతి కింద ఆనించి, మెల్లగా వంచి, చివరి బొట్టు రాలేదాకా ఆగి, ఆ తర్వాతే జగ్గును నిలబెట్టాలి. ట్రేలో పడిన చుక్కలను స్పాంజితో అద్ది పిండడం ఈ కృత్యంలో చివరి మెట్టు. అది శిక్షలా అనిపించకుండా ఉండాలంటే, మీరు చూపించేటప్పుడే కావాలని రెండు చుక్కలు ఒలికించి తుడవండి. ఎంత వంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నది పిల్లవాడే తేల్చుకోవాలి, సరిగ్గా తేల్చుకున్నాడో లేదో ఒలికిన నీళ్లే అతనికి చెబుతాయి గనుక వెనక నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అనవలసిన అవసరం మీకు రాదు. జగ్గులో పోసే నీళ్లు మొత్తం ఒక స్పాంజి పీల్చుకోగలిగినన్ని మాత్రమే ఉంటే మీ తలనొప్పి సగం తగ్గుతుంది.

ఏ మూలలో ఎంతమంది ఉండాలన్నది కూడా మీరు అరిచి చెప్పనక్కరలేదు. నీళ్ల మూల దగ్గర నాలుగు ఏప్రాన్లు తగిలించండి. కొక్కేలన్నీ ఖాళీగా ఉంటే చోటు లేదని వచ్చిన పిల్లలకే అర్థమవుతుంది. పూసలు, దిమ్మల వంటి వాటి దగ్గర తగవులు ఎక్కువగా కొరత వల్లే వస్తాయి కాబట్టి, పది రకాల వస్తువులు ఒక్కొక్కటి చొప్పున కొనడం కంటే నాలుగు రకాలు సరిపడినన్ని కొనడం మేలు. కాలవ్యవధి విషయంలో చాలా బడులు పిసినారితనం చూపిస్తాయి. పావుగంట పీరియడ్ ఇస్తే పిల్లలు కుదురుకునే సరికే గంట కొడతారు. కనీసం ముప్పావుగంట అయినా ఎడతెగకుండా ఉండాలి. మీరు గోడకు వీపు పెట్టి, గది మొత్తం కనిపించేలా కూర్చోండి. వర్క్‌షీట్ల రోజున గది ప్రశాంతంగా ఉందన్నారు. ఆ రోజు పిల్లల కళ్లను గమనిస్తే, అందులో ఎంతమంది పని చేస్తున్నారో, ఎంతమంది అది ముగిసే ఘడియ కోసం ఎదురుచూస్తున్నారో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. బడిలో రోజంతా దిమ్మలు పేర్చడం, పూసలు గుచ్చడం, ఇసుకలో ఆడటమే. నోట్‌బుక్కులో ఒక్క పేజీ కూడా నిండలేదు. వేరే బడికి వెళ్లే మా ఆడపడుచు కొడుకు అదే వయసువాడు, వంద దాకా అంకెలు గడగడా అప్పజెబుతాడు, రాస్తాడు కూడా. పాపను ఆ బడికి మార్చమని ఇంట్లో అందరూ అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: బడి మార్చే ముందు ఒక చిన్న సంగతి చూడండమ్మా. పాప ముందు పదిహేను పెద్ద గుండీలు పోసి, "నాకు ఏడు ఇవ్వు" అని అడగండి. పాప ఒక్కొక్కటీ తీస్తూ, ఏడు దగ్గర ఆగి, మీ చేతిలో పెడితే ఆమెకు ఏడు అంటే ఏమిటో తెలిసినట్టు. ఇరవై దాకా తడబడకుండా చెప్పే పిల్లలు కూడా ఈ ప్రశ్నకు గుప్పెడు గుండీలు తీసి ఇచ్చేయడం మామూలే. అంకెల వరస నోటికి రావడం ఒక సామర్థ్యం, ఆ వరసలో చివర చెప్పిన మాటే మొత్తం వస్తువుల సంఖ్య అని గ్రహించడం మరొక సామర్థ్యం. ఈ రెండోది సాధారణంగా మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో కుదురుకుంటుంది. కొందరికి ఇంకొంచెం ఆలస్యమవుతుంది, అందులో కంగారు పడవలసింది లేదు. ఈ పరీక్షను ఇద్దరు పిల్లలనూ పక్కపక్కన కూర్చోబెట్టి మాత్రం చేయకండి. అది మీ ఇంట్లో మరో తగవుకు దారి తీస్తుంది.

లెక్కించడంలో ఐదు సూత్రాలు ఇమిడి ఉన్నాయని రోచెల్ గెల్‌మన్, రాండీ గాలిస్టెల్ అనే పరిశోధకులు 1978లో వివరించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె మాత్రమే చెప్పాలి. అంకెల వరస ఎప్పుడూ మారకూడదు. చివరి అంకె మొత్తాన్ని తెలుపుతుంది. వస్తువు ఏదైనా లెక్కించవచ్చు. ఎటువైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. పెద్దవాళ్లకు ఇవి చెప్పనక్కరలేని విషయాల్లా కనిపిస్తాయి కానీ, ప్రతి పిల్లా పిల్లవాడూ వీటిని వస్తువులను కదిపి చూసి కనిపెట్టుకోవలసిందే. పూసలు గుచ్చేటప్పుడు ఒక్కో పూసను దారం మీద జరుపుతూ లెక్కపెట్టడం మొదటి సూత్రానికి ఎంత మంచి సాధనో గమనించండి: జరిపిన పూస ఒకవైపు, జరపవలసిన పూస మరోవైపు ఉంటాయి గనుక ఒకే పూసను రెండుసార్లు లెక్కించే అవకాశం తగ్గిపోతుంది. కాగితం మీద అచ్చువేసిన ఏడు బంతుల బొమ్మ ఈ సాయం చేయలేదు.

ఇంకో సంగతి. ఐదు గుండీలను ఒక వరసలో పేర్చి, దాని కింద మరో ఐదింటిని కాస్త ఎడం ఎడంగా పేర్చి, ఎందులో ఎక్కువ ఉన్నాయని అడిగితే, చాలామంది నాలుగైదేళ్ల పిల్లలు పొడుగు వరసను చూపిస్తారు. ఈ విషయాన్ని స్విట్జర్లాండ్ మనోవైజ్ఞానికుడు జాఁ పియాజే లోకానికి ఎత్తి చూపాడు. ఇది తెలివితక్కువతనం అనుకోకూడదు. ఆరేడేళ్లకు ఈ పొరపాటు సహజంగానే తొలగిపోతుంది. అంతవరకు పిల్లలకు కావలసింది దగ్గరగా, దూరంగా, గుట్టగా, వరసగా పేర్చి మళ్లీ లెక్కపెట్టుకునే అవకాశాలు. దిమ్మల మూలలో రోజూ జరుగుతున్నది అదే. న్యూయార్క్‌లో కెరోలిన్ ప్రాట్ గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో రూపొందించిన చెక్క దిమ్మల్లో రెండు సగం దిమ్మలు కలిస్తే ఒక నిండు దిమ్మ, రెండు నిండు దిమ్మలు కలిస్తే ఒక జంట దిమ్మ పొడవు వస్తుంది. వంతెనకు పొడుగు దిమ్మ దొరక్క రెండు పొట్టి దిమ్మలు పక్కపక్కన పెట్టి సరిపెట్టిన పాప, భిన్నాల పాఠంలో ఎన్నో ఏళ్ల తర్వాత వినబోయే సంగతిని చేతితో తెలుసుకున్నట్టే.

నోట్‌బుక్కు నిండకపోయినా అంకెల పరిచయం కలిగించే మార్గాలున్నాయి. రాబర్ట్ సీగ్లర్, గీత రమణి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా ఉన్న పలక మీద పిల్లలు బిళ్లను గడి గడికీ జరుపుతూ, గడిలోని అంకె పలుకుతూ ఆడారు. పావుగంట చొప్పున నాలుగుసార్లు ఆడినందుకే సంఖ్యల పరిమాణం మీద వాళ్ల అవగాహన మెరుగుపడింది. అదే ఆటను అంకెల బదులు రంగులతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. అట్టముక్క మీద పది గడులు గీసి ఇంట్లోనే ఈ ఆట ఆడించవచ్చు.

ఇంత చెప్పిన తర్వాత మీ బడి వైపు కూడా ఒక ప్రశ్న వేయాలి. దిమ్మలు ఇచ్చి వదిలేస్తే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయని నేను అనను. పాప ఆడుతున్నప్పుడు ఉపాధ్యాయురాలు దగ్గర కూర్చుని "ఈ గోడ పొడవు అవతలి గోడంత ఉందా? ఎలా చూద్దాం?" వంటి మాటలు అడుగుతున్నారా అన్నది కనుక్కోండి. "ఆడుకుంటున్నారు కదండీ" అన్నదే వాళ్ల సమాధానమైతే మీ అసంతృప్తిలో న్యాయం ఉంది.

ప్రశ్న: మా బడిలో నెలకొక క్రాఫ్ట్ చేయిస్తాం. ఆకారాలు ఉపాధ్యాయులే కత్తిరించి ఇస్తారు, పిల్లలు అంటిస్తారు. గోడ మీద ముప్పై సీతాకోకచిలుకలు ఒకే తీరుగా చూడముచ్చటగా ఉంటాయి, తల్లిదండ్రులు మెచ్చుకుంటారు. ఇది సరైన పద్ధతి కాదని శిక్షణలో చెప్పారు. తప్పేమిటో అర్థం కాలేదు. (ఒక ప్రధానోపాధ్యాయురాలు)

సమాధానం: ముప్పై బొమ్మలు ఒకేలా ఉన్నాయంటే వాటిలో నిర్ణయాలన్నీ ఒక్కరే తీసుకున్నారని అర్థం. ఆకారం, రంగు, రెక్క ఎక్కడ అంటించాలన్నది అన్నీ మీ ఉపాధ్యాయులే తేల్చేశాక పిల్లలకు మిగిలింది జిగురు పూయడమే. కత్తెరను పిల్లలకు ఇవ్వండి. ముందు వేలెడు వెడల్పున్న కాగితపు పట్టీని ఒక్క కత్తిరింపుతో ముక్కలు చేయడం, తర్వాత గీత వెంబడి కత్తిరించడం, ఆపైన కాగితాన్ని రెండో చేత్తో తిప్పుతూ వంపు వెంబడి కత్తిరించడం అనే క్రమంలో వెళ్తే నాలుగేళ్లవాళ్లు కూడా పట్టు సాధిస్తారు. బొమ్మలు వంకరగా వస్తాయి. వాటి కింద పిల్లలు చెప్పిన మాటను వాళ్ల మాటల్లోనే రాసి పెడితే, ఏమిటీ వంకర అని అడిగే తల్లిదండ్రులు ఉండరు.

ప్రశ్న: ఐదేళ్ల పిల్లలకు అక్షరాలు నేర్పడానికి చుక్కల మీద దిద్దే పుస్తకాలు వాడుతున్నాను. ఇదీ చేతితో చేసే పనే కదా? అయినా పుస్తకం మూసి రాయమంటే సగం మంది రాయలేకపోతున్నారు.

సమాధానం: మీరు గమనించినది ముఖ్యమైన విషయం. కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లలు కొన్ని అక్షరాలను స్వయంగా రాశారు, కొన్నింటిని గీత వెంట దిద్దారు, కొన్నింటిని కీబోర్డు మీద నొక్కారు. తర్వాత ఆ అక్షరాలను చూపిస్తూ మెదడును స్కాన్ చేసినప్పుడు, చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు స్వయంగా రాసిన అక్షరాలకే గట్టిగా స్పందించాయి. దిద్దేటప్పుడు చుక్కలు దారి చూపుతాయి కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి అని పిల్లవాడు ఆలోచించనక్కరలేదు.

తెలుగు అక్షరాల్లో నిలువు గీతలు తక్కువ, మలుపులు ఎక్కువ. ద, ధ, ప, ఫ, బ, భ వంటి జంటల్లో తేడా ఒక చిన్న గీతలోనే ఉంటుంది. అందుకని పెన్సిల్ పట్టించే ముందు బంకమట్టిని అరచేతుల మధ్య సన్నని తాడులా చేయించి, ఆ తాడును అక్షరంగా వంచమనండి. మలుపు ఎక్కడ ఉందో, తాడు ఎక్కడ తనను తాను తాకుతుందో వేళ్లకు తెలుస్తుంది. గరుకు కాగితంతో కత్తిరించి అట్టకు అంటించిన అక్షరం మీద చూపుడువేలు, మధ్యవేలు కలిపి నడిపిస్తూ దాని ధ్వనిని పలికించడం ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతి. దానినీ వాడండి, అయితే వెంటనే ఆ అట్టను బోర్లించి, ఇసుక ట్రేలో చూడకుండా రాయమని అడగండి. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఇసుకలో పొరపాటు పడితే ట్రేను ఒకసారి కదిపితే చాలు, రబ్బరుతో చెరిపిన మరక మిగలదు. దిద్దుడు పుస్తకాన్ని పూర్తిగా మానేయనక్కరలేదు గానీ, ఒక పేజీ దిద్దిన తర్వాత ఖాళీ కాగితం మీద ఆ అక్షరం ఒక్కసారైనా రాయించండి.

పెన్సిల్ పట్టు గురించి కూడా ఒక మాట. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. ఈ వయసులో వాటిలో కొన్ని ఇంకా మృదులాస్థి (గట్టిపడని మెత్తని ఎముక) దశలోనే ఉంటాయి, చివరిది ఎముకగా మారడం 8 నుంచి 12 ఏళ్ల మధ్య మొదలవుతుంది. పేజీలకు పేజీలు రాయించడం వల్ల చేయి నొప్పి తప్ప దస్తూరి రాదు. పట్టకారుతో పూసలు తీయడం, డ్రాపర్‌తో రంగునీళ్ల బొట్లు వేయడం, బట్టల క్లిప్పులను అట్ట అంచుకు తగిలించడం వేళ్లకు కావలసిన బలాన్ని ఇస్తాయి.

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్లు దాటాయి. బడిలో బంకమట్టి గానీ వేలిరంగులు గానీ ముట్టుకోడు, చేతులు వెనక్కి దాచుకుంటాడు. టీచరు చెయ్యి పట్టుకుని రంగులో ముంచితే ఏడ్చి, మర్నాడు బడికి పోనన్నాడు.

సమాధానం: బలవంతంగా ముంచడం ఆపమని చెప్పండి, ఇందులో రాజీ అక్కరలేదు. కొందరు పిల్లలకు తడి, జిగట తగిలితే నిజంగానే భరించలేనంత ఇబ్బంది కలుగుతుంది. పొడి ఇసుక, గులకరాళ్లు, చెక్కముక్కల వంటి పొడి వస్తువులతో మొదలుపెట్టి, రంగుకు కుంచె, మట్టికి పుల్ల ఇవ్వాలి. రంగును మందపాటి జిప్ కవరులో పోసి మూసి, పైనుంచి వేలితో నొక్కి గీతలు గీయనిస్తే చేతికి తడి అంటకుండానే రంగు కదలడం చూస్తాడు. పక్కనే తడిగుడ్డ ఉంచి, "ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకోవచ్చు" అని ముందే చెప్పడం చాలామందికి ధైర్యమిస్తుంది. పక్కన కూర్చుని చూడటం కూడా పాల్గొనడమే. బట్టల కుట్లు గుచ్చుకుంటున్నాయని, తల దువ్వితే నొప్పని, మామూలు శబ్దాలకు చెవులు మూసుకుంటూ రోజువారీ పనులన్నీ కష్టమవుతుంటే మాత్రం పిల్లల వైద్యుడినో, రోజువారీ పనులు చేసుకోవడంలో శిక్షణనిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టునో సంప్రదించండి.

ప్రశ్న: పాప కోసం బడులు వెతుకుతున్నాం. ఒకరు మాంటిస్సోరి అంటున్నారు, మరొకరు కిండర్‌గార్టెన్ అంటున్నారు. సామగ్రి చూస్తే రెండు చోట్లా చెక్క వస్తువులే. తేడా ఏమిటి?

సమాధానం: కిండర్‌గార్టెన్ జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ ఆలోచన. 1837లో బాద్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఆయన నెలకొల్పిన సంస్థకు 1840లో ఆ పేరు పెట్టాడు. ఆయన సామగ్రిని కానుకలు అంటారు: రంగురంగుల ఊలు బంతులు, చెక్క గోళం, ఘనం, స్తూపం, ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే పెద్ద ఘనం. ఒకే సామగ్రితో ఇల్లు కట్టవచ్చు, నమూనాలు అల్లవచ్చు. మాంటిస్సోరి తన మొదటి బాలగృహాన్ని 1907లో రోమ్ నగరంలో ప్రారంభించింది. ఆమె సామగ్రిలో ఒక్కొక్క వస్తువూ ఒక్కొక్క భావానికే అంకితం. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పెరిగే పది గులాబీరంగు ఘనాలతో పరిమాణాల తేడా తెలుస్తుంది. గుంటల్లో అమర్చే స్తూపాల్లో ఒకటి తప్పు గుంటలో పడితే, చివరికి ఒక స్తూపం ఎక్కడా ఇమడక చేతిలో మిగిలిపోతుంది. ఎవరూ చెప్పకుండానే పిల్ల వెనక్కి వెళ్లి తప్పు వెతుక్కుంటుంది.

నా మొగ్గు ఈ స్తూపాల వైపే అయినా, ఊహతో కట్టుకునే ఆటకు చోటులేని గదిని నేను ఇష్టపడను. మాంటిస్సోరి పేరుకు చాలా దేశాల్లో చట్టపరమైన రక్షణ లేదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. అందుచేత బోర్డును పక్కన పెట్టి, సామగ్రి పిల్లలకు అందే ఎత్తులో ఉందా, అద్దాల బీరువాలో తాళం వేసి ఉందా అన్నది చూడండి.

ప్రశ్న: పూసలు, గుండీలు, గులకరాళ్లు చిన్నపిల్లల చేతికి ఇవ్వడం ప్రమాదం కాదా? మా తరగతిలో మూడేళ్లు నిండనివాళ్లు కూడా ఉన్నారు.

సమాధానం: మూడేళ్ల లోపు పిల్లలున్న గదిలో అవి ఉండకూడదు. బొమ్మల భద్రతా పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు మూడేళ్లలోపు వారికి పనికిరాదు. గోళీలు, చిన్న బంతుల వంటి గుండ్రని వస్తువులు, పగిలిన బెలూన్ ముక్కలు శ్వాసమార్గాన్ని పూర్తిగా మూసేయగలవు కాబట్టి వాటి విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. మూడేళ్లు దాటినా ఇంకా వస్తువులను నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకూ ఇదే నియమం. పెద్దపిల్లలకు ఇచ్చేటప్పుడు పది గుంటలున్న ట్రేలో పది పూసలు పెట్టి ఇవ్వండి. ఒక గుంట ఖాళీగా ఉంటే అది దొరికేదాకా మరో ట్రే తీయకూడదు.

గుండీ ఆకారంలోని బ్యాటరీలు, విడి అయస్కాంతపు గుళికలు, నీళ్లలో ఉబ్బే జెల్ పూసలు ఏ వయసు పిల్లల తరగతిలోనూ వద్దు. గొంతులో ఇరుక్కున్న బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. ఒకటికి మించి మింగిన అయస్కాంతాలు పేగు గోడలను మధ్యలో నొక్కుకుని అతుక్కుంటాయి. జెల్ పూసలు కడుపులో ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. వీటిలో ఏది మింగారన్న అనుమానం వచ్చినా లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.